హౌసింగ్ ఎవరు విప్పాలి?

అంబాసిడర్ గురించి మన పత్రికల్లో రాసిందంతా దాని దర్జా గురించే: ఎర్రబుగ్గ, కిటికీలకు తెరలు, వెనక సీట్లో మంత్రిగారు. ఆ కారు అడుగున ఏముందో రాసినవాళ్ళు తక్కువ. పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో 1950ల చివర్లో మొదలై 2014 మే నెలలో ఆగిపోయేదాకా ఆ బండి లోపలి పద్ధతి పెద్దగా మారలేదు. ముందు ఇంజన్, దాని వెనక క్లచ్, ఆ వెనక గేర్‌బాక్స్. అక్కణ్ణుంచి వెనకదాకా పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్. చివర మెకానిక్కులు హౌసింగ్ అని పిలిచే డిఫరెన్షియల్, దానిలోంచి రెండు చక్రాలకీ యాక్సిల్ షాఫ్టులు. ఇంజన్ బలం చక్రానికి చేరే దారి ఇంతే. ఈ దారిలో ఏది అరిగినా ముందు మోత వస్తుంది, తర్వాత వణుకు వస్తుంది, ఆ తర్వాత బండి రోడ్డు మీద ఆగిపోతుంది.

అలా మోత మొదలైన బండిని ఇంట్లో విప్పొచ్చా, కూడదా అన్నదే ఇక్కడి వాదం. మావయ్య విజయవాడ ఆటోనగర్‌లో జీవితమంతా పానా పట్టినవాడు. ఆయన మేనకోడలు గుంటూరులో ఇంటి వెనక రేకుల షెడ్డులో తండ్రి వదిలి వెళ్ళిన 1971 నాటి మార్క్ 2 అంబాసిడర్‌ని బాగుచేసుకుంటోంది. నా మొగ్గు అమ్మాయి వైపే. అయినా మావయ్య అన్న కొన్ని మాటలకు ఆమె దగ్గర జవాబు లేదు. వాటిని ఎక్కడా పలచన చేయలేదు.

మావయ్య: విప్పడం ఎవరికైనా వచ్చే పనేనమ్మా. షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడి చేత మేం మొదట చేయించేది అదే. బిగించే దగ్గరే తేలుతుంది ఎవడు మెకానిక్కో, ఎవడు కాదో. నీకు ఈ బండి మీద అంత ప్రేమే ఉంటే లారీ ఎక్కించి నా దగ్గరికి పంపు.

అమ్మాయి: మీ దగ్గరికి పంపడానికి నాకేం బెంగ లేదు మావయ్యా. మీ తర్వాత ఎవరికి పంపాలో చెప్పండి. ఇప్పుడు మీ షెడ్డులో ఉన్న కుర్రాళ్ళు ల్యాప్‌టాప్ తగిలించి కోడ్ చదువుతారు. వాళ్ళ పనిలో వాళ్ళు గట్టివాళ్ళే. ఈ బండికి ఆ తీగ తగిలించే చోటే లేదు కదా. చెవితో వినాలి, చేత్తో పట్టుకుని చూడాలి. అది నేర్చుకునేవాళ్ళు బయట తగ్గిపోతుంటే, బండి ఉన్నవాళ్ళే నేర్చుకోవద్దా?

మావయ్య: సరే, చెవితో ఏం విన్నావో చెప్పు.

అమ్మాయి: ఫస్ట్ గేర్‌లో క్లచ్ వదలగానే కిందనుంచి టక్కుమంటోంది. రివర్స్ వేసినా ఇంకో టక్. వేగం పెంచితే సీటు కింద వణుకు. క్లచ్ హౌసింగ్ కింద రోజూ నూనె చుక్కలు.

మావయ్య: టక్కు నాలుగు చోట్లనుంచి రావచ్చు. షాఫ్ట్ క్రాసులు, స్లైడింగ్ జాయింట్ పళ్ళు, హౌసింగ్ లోపల చిన్న గేర్ల వెనకుండే వాషర్లు, యాక్సిల్ షాఫ్ట్ పళ్ళు. ఎక్కడిదో తేల్చుకోనివాడు అన్నీ విప్పుతాడు. విప్పినవన్నీ కొత్తవి కొంటాడు. చివరికి టక్కు అలాగే ఉంటుంది.

అమ్మాయి: విప్పకముందే తేల్చుకున్నాను. ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మెలు పెట్టి, వెనక భాగాన్ని స్టాండ్ల మీద నిలబెట్టి, గేర్ న్యూట్రల్‌లో ఉంచాను. షాఫ్ట్ ఒక చేత్తో, ఫ్లాంజి ఒక చేత్తో పట్టుకుని ఎదురెదురుగా తిప్పి చూశాను. వెనక క్రాస్‌లో ఆట కంటికే తెలుస్తోంది. కప్పు అంచున ఎర్రటి పొడి రాలుతోంది. లోపల గ్రీజు ఎండిపోయి సూది బేరింగులు తుప్పు పట్టాయన్నమాట.

మావయ్య: అది బాగానే చూశావు. జాకీ మీద మాత్రం వదల్లేదు కదా?

అమ్మాయి: లేదు. స్టాండ్లే.

మావయ్య: నేను ఇంట్లో వద్దనేది అందుకే తల్లీ. జాకీ ఎత్తడానికి, అంతే. మోయడానికి కాదు. లోపలి సీలు ఎప్పుడు జారుతుందో దాన్ని చేసినవాడికీ తెలియదు. ఇటుకలు పెడతారు కొందరు. ఇటుక కొంచెం కొంచెంగా నలగదు, ఒక్కసారే పిండైపోతుంది. ఇంకోటి విను. షాఫ్ట్ ఊడదీశాక గేర్‌లో పెట్టి ఉంచినా బండి ఆగదు. ఇంజన్‌కీ చక్రానికీ లంకె తెగిపోయింది కదా. వెనక చక్రాలు గాల్లో ఉంటే హ్యాండ్ బ్రేకు లాగీ లాభం లేదు, అది పట్టేది ఆ చక్రాలనే. అప్పుడు నీ ప్రాణం నిలిచేది ముందు చక్రాల కింద పెట్టిన దిమ్మెల మీద. మా షెడ్డులో పక్కన నలుగురుంటారు. కేక వేస్తే వస్తారు. ఇక్కడ ఎవరున్నారు?

అమ్మాయి: అమ్మ ఇంట్లో లేనప్పుడు కిందికి దూరను. ఇది నా మొదటి నియమం.

ఇంటి పని వద్దనేవాళ్ళ దగ్గర ఇంతకన్నా బలమైన మాట ఇంకొకటి లేదు. దీనికి అమ్మాయి చెప్పిన జవాబు నాకు పూర్తిగా చాలలేదు. స్టాండ్లు పెట్టాక బండిని పక్కనుంచి గట్టిగా ఊపి చూడాలి. తీసిన చక్రాన్ని కూడా బండి అంచు కింద పడుకోబెట్టాలి. స్టాండు జారినా మనిషి పట్టేంత ఖాళీ మిగులుతుంది. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు, బద్ధకంతో మానేసేవి.

మావయ్య: షాఫ్ట్ ఎలా దించావు?

అమ్మాయి: ఫ్లాంజిలకు వైరు బ్రష్ కొట్టి కిరోసిన్‌తో తుడిచాను. జంట ఫ్లాంజిల అంచు మీద అడ్డంగా తెల్ల పెయింటుతో గీత గీశాను, మళ్ళీ అదే జోడీలో కూర్చోవాలని. పానాల విషయంలోనూ జాగ్రత్తపడ్డాను. ఈ బండి నట్లు అంగుళాల లెక్కవి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా పెడితే పట్టినట్టే ఉంటుంది, బలం పెట్టేసరికి నట్టు మూలలు గుండ్రమైపోతాయి. నేను దించేటప్పటికే సగం నట్లు అలా గుండ్రమై ఉన్నాయి. అవి ఇంట్లో పాడైనవి కావు మావయ్యా.

మావయ్య: ఎవడో తొందరపడ్డాడు. స్లైడింగ్ జాయింట్ విడదీశావా?

అమ్మాయి: దానికి గీత పెట్టబోయి ఆగాను. షాఫ్టుకి రెండు చివర్లా ఉన్న ఫోర్కులు ఒకే వరసలో లేవు. ముందుది అడ్డంగా ఉంటే వెనకది ఏటవాలుగా ఉంది.

మావయ్య: ఏదీ, ఇటు తిప్పు... అవును. ఎవడో ఇదివరకు విప్పి, ఒక పన్ను అటూ ఇటూగా ఎక్కించాడు.

అమ్మాయి: వణుకు అక్కడిదేనా?

మావయ్య: అక్కడిదే. వంపులో ఉన్న క్రాస్ జాయింట్ తిన్నగా తిప్పదమ్మా. అవతలి వైపు వేగం ఒక చుట్టులో రెండుసార్లు పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. వెనకనున్న రెండో క్రాసు సరిగ్గా దానికి ఎదురు చేసి హెచ్చుతగ్గుల్ని చెరిపేస్తుంది. అలా చెరపాలంటే షాఫ్టు మీది రెండు ఫోర్కులూ ఒకే తలంలో ఉండాలి. తప్పితే ఒకదాని వణుక్కి ఇంకొకదాని వణుకు తోడవుతుంది. అందుకే మంచి షాఫ్టు మీద బాణం గుర్తులు కొట్టి ఉంటాయి. మట్టి కింద ఎవరికీ కనపడవు.

అమ్మాయి: ఈ వణుకు గురించి నాన్న ఎన్ని గ్యారేజీల్లో చెప్పారో నాకు గుర్తుంది. టైర్లు మార్పించారు, ఇంజన్ కింద రబ్బర్లు మార్పించారు. షాఫ్టు కడిగి చూసినవాళ్ళు లేరు. ఇంట్లో విప్పినదాన్ని కాబట్టి నాకు కడగడానికి ఒక పూట దొరికింది. గ్యారేజీలో ఆ పూట ఎవరికీ ఉండదు.

మావయ్య: ఎందుకుండదో అదీ చెప్పు. సాయంత్రానికి బండి కావాలని కూర్చునేది మీరే. ర్యాంపు మీద బండి ఉన్నంతసేపూ అద్దె లెక్క తిరుగుతుంటుంది. కడిగినందుకు డబ్బు అడిగితే ఏ కస్టమరూ ఇవ్వడు, సామాను మార్చామంటే ఇస్తాడు. ఆ పద్ధతి మేం పెట్టింది కాదు.

అమ్మాయి: నేను కస్టమర్ల తరఫున మాట్లాడటం లేదు. కడగడానికి టైం ఉన్న చోట పని జరగాలంటున్నాను.

మావయ్య: కొత్త క్రాసు ఎలా కొడతావ్? సుత్తితోనా?

అమ్మాయి: సుత్తి ముట్టను. వైసులో పెట్టి రెండు సాకెట్లతో నొక్కుతాను. ఒక పక్క కప్పు పట్టేంత పెద్దది, ఇంకో పక్క కప్పుని తోసే చిన్నది. పాతది తీసింది కూడా అలాగే. ఒకసారి మాత్రం కొత్త కప్పు మొత్తం దిగలేదు, సర్‌క్లిప్ గాడిలోకి పోవడం లేదు. వెనక్కి తీసి చూస్తే లోపల ఒక సూది అడ్డంగా పడి ఉంది. దాన్ని నిలబెట్టి, సూదులన్నీ గ్రీజులో అతికించి, మళ్ళీ నొక్కాను. చేత్తో నాలుగు వైపులా ఆడించి చూస్తే మెత్తగా తిరిగింది.

మావయ్య: క్లిప్పు పట్టడం లేదని సుత్తితో కొట్టేవాణ్ణి ఆటోనగర్‌లో చాలామందిని చూశా. ఆ సూది నలిగి, వారం తిరక్కుండానే బండి మళ్ళీ వస్తుంది. నువ్వు ఆగావు. అది మంచిదే.

ఇక్కడితో షాఫ్టు సంగతి అయిపోయింది. నా లెక్కలో ఇది ఇంటి పనే. ఫ్లాంజి బోల్టులు నాలుగూ నాలుగూ ఎనిమిది, రెండు క్రాసులు, కాస్త గ్రీజు. గుర్తులు పెట్టుకునే ఓపిక ఉంటే చాలు. గేర్‌బాక్సు దగ్గరికి వచ్చేసరికి వాదం వేడెక్కింది.

మావయ్య: నూనె చుక్కల కోసం గేర్‌బాక్స్ దించుతానంటున్నావట. వెనక సీలు పోయిందని ఎవరు చెప్పారు?

అమ్మాయి: చుక్కలు క్లచ్ హౌసింగ్ కింది రంధ్రంలోంచి పడుతున్నాయి. ఇంజన్ వెనక సీలో, గేర్‌బాక్స్ ముందు సీలో పోయి ఉండాలి కదా.

మావయ్య: ఈ 1489 సీసీ ఇంజన్‌కి వెనక రబ్బరు సీలు ఎక్కడుందమ్మా? ఇది ఇంగ్లాండులో బీఎంసీ వాళ్ళు చేసిన పాత బీ సీరీస్ డిజైను. క్రాంక్ షాఫ్ట్ చివర స్క్రూ మరల్లా గాడి కోసి ఉంటుంది. షాఫ్టు తిరిగినప్పుడు ఆ మరలు నూనెను లోపలికే నెడతాయి. బండి ఆగితే నెట్టేది ఉండదు, నాలుగు చుక్కలు బయటికి వస్తాయి. అవి పోవడానికే ఆ రంధ్రం. దాన్లో ఒక స్ప్లిట్ పిన్ను వేలాడుతుంటుంది, చూశావా? అది బండి కదలికకు ఊగి రంధ్రం మట్టితో పూడిపోకుండా చూస్తుంది. పనికిరాని పిన్నని పీకేసినవాళ్ళు ఎందరో. రంధ్రం పూడిపోతే నూనె లోపలే నిలిచి క్లచ్ ప్లేటుకి అంటుకుంటుంది.

అమ్మాయి: అయితే ఇది జబ్బే కాదంటారా?

మావయ్య: నాలుగు చుక్కలైతే కాదు. ధారగా కారితే ముందు ఇంజన్ బ్రీదర్ గొట్టం కడుగు. అది మూసుకుపోతే లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి, మరలు నెట్టిన నూనెను మళ్ళీ బయటికి తోస్తుంది. వెనక యాక్సిల్‌కీ అలాంటి చిన్న బ్రీదర్ ఉంటుంది. అది పూడితే నూనె హబ్బు సీళ్ళు దాటి బ్రేక్ లైనింగుల మీదికి వస్తుంది. సీలు మార్చినా మళ్ళీ వస్తుంది. ఇప్పుడు చెప్పు, ఇది నీకు పుస్తకంలో దొరికేదేనా? గేర్‌బాక్స్ దించి, లేని సీలు కోసం వెతికేదానివి.

అమ్మాయి: నిజమే, ఇది మీరు చెప్పకపోతే దించేసేదాన్నే. మీరు చెప్పాక కూడా ఆ పిన్నుని చూసి, బ్రీదర్ కడగాల్సింది నేనే. తెలిసినవాళ్ళు పక్కనుండి చెప్పడం ఒకటి, చేసే చేయి వాళ్ళదే కావాలనడం ఇంకొకటి.

మావయ్య: మాటకి మాట బాగానే తెస్తావ్. ఏదో ఒకరోజు క్లచ్ ప్లేటు అరుగుతుంది. అప్పుడైనా దించాలి. ఆ బరువు ఏం చేస్తావ్?

అమ్మాయి: ట్రాలీ జాకీ మీద చెక్క పలక వేసి మోయిస్తాను. బోల్టులన్నీ ఊడాక తిన్నగా వెనక్కి జరిపి, ఇన్‌పుట్ షాఫ్టు పూర్తిగా బయటికి వచ్చాకే కిందికి దించుతాను. మధ్యలో వేలాడదీస్తే క్లచ్ ప్లేటు నడుం వంగుతుందని మీరే చెప్పారు. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేస్తాను. ఫ్లైవీల్ మధ్యలో ఉన్న బుష్ అరిగిందో లేదో చూస్తాను. ఇంకొకటి, అక్కడ గాలి గొట్టం పెట్టను.

మావయ్య: గాలి కొట్టకపోతే ఆ నల్లపొడి ఎలా పోతుంది?

అమ్మాయి: తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ సంచిలో కట్టి పారేస్తాను. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది మావయ్యా. కంప్రెసర్ గాలికి లేచిన పొడి షెడ్డంతా తేలుతుంది, పీల్చింది ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతుంది. మీరూ, మీ పక్కనున్న కుర్రాళ్ళూ ఇన్నేళ్ళూ పీల్చింది అదే. ఈ ఒక్క పనైనా ఇంట్లో నెమ్మదిగా జరగడం మేలు.

మావయ్య ఈ మాటకు ఎదురు చెప్పలేదు. ఎవరు చెప్పగలరు? మన ఆటోనగర్లలో డ్రమ్ము విప్పగానే గాలి గొట్టం అందుకునే అలవాటు ఇంకా ఉంది. దాన్ని మానిపించడానికి యంత్రాలు అక్కర్లేదు, ఒక బకెట్టు నీళ్ళు చాలు.

మావయ్య: గేర్‌బాక్సులో ఏ నూనె పోస్తావ్? షాపువాడు ఏది ఇస్తే అదేనా?

అమ్మాయి: డబ్బా మీద చూసే కొంటాను. వెనక హౌసింగ్‌కి జీఎల్-5, తొంభై నంబరుది. హైపాయిడ్ పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లుతూనే జారతాయి కాబట్టి దానికి గట్టి మందు కలిపిన నూనె కావాలి. గేర్‌బాక్సులో అది పోయను. ఆ మందులోని గంధకం ఇత్తడి రింగుల్ని తినేస్తుంది. సెకండ్, థర్డ్, టాప్ గేర్లకు ఉన్నవి ఆ రింగులే కదా.

మావయ్య: ఫస్ట్‌కి లేవు. అందుకే బండి ఆగాకే ఫస్ట్ వేయాలి. బాగానే చదివావు. సరే, అసలు మాటకి వద్దాం. నువ్వు, నీలాంటి నలుగురూ క్రాసులు ఇంట్లోనే వేసుకుంటే, బుష్‌లు ఇంట్లోనే మార్చుకుంటే, ఆటోనగర్‌లో మా పక్క లేతు ఎవరి కోసం తిరగాలి? పని రాకపోతే టర్నరు లేతు అమ్మేసి వెళ్ళిపోతాడు. నీకు ఫ్లైవీల్ ముఖం కోయించాల్సిన రోజున అతను ఉండడు. పాత బండి బతకాలంటే ఒక్క నీ షెడ్డు చాలదమ్మా, దాని చుట్టూ వందమంది చేతులు బతకాలి.

అమ్మాయి: ఆ లేతుకి పని పోగొట్టింది నాలాంటివాళ్ళు కాదు. సామాను మొత్తం మార్చేసే పద్ధతి పోగొట్టింది. ఉత్తరపారా మూతపడ్డాక కొత్త సామానంటే చిన్నచిన్న చోట్ల చేసినదే. కొన్ని బాగుంటాయి, కొన్ని కొలతకే రావు. అందుకే నేను పాతదాన్నే బాగుచేయిస్తాను. బుష్ తిరగేయించడానికి, ఫ్లాంజి ముఖం సరిచేయించడానికి నేనే లేతు దగ్గరికి వెళ్తాను. మీ షెడ్డు కన్నా నావల్లే టర్నరుకి ఎక్కువ పని దొరుకుతుంది.

మావయ్య: ఒక్కదానివల్ల ఎంత పని దొరుకుతుంది?

దీనికి అమ్మాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

మావయ్య: పైగా దీన్ని ఇంత కష్టపడి నడపడం ఎందుకు? యాభై ఏళ్ళు దాటిన బండ్లకి 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది కదా. వీఏ నంబరు తీసుకుని, తుడిచి, షెడ్డులో పెట్టుకో.

అమ్మాయి: ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప మామూలుగా నడపకూడదు. పొన్నూరు వెళ్ళి అమ్మమ్మని తీసుకురావడానికి అది కుదరదు. నేను మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించుకుంటున్నాను. కూర్చోబెట్టిన బండికి సీళ్ళు ఎండుతాయి, తిరిగే బండికి కాదు.

మావయ్య: మరి హౌసింగ్? అది కూడా ఇంట్లోనేనా? ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. వణుకు, చుక్కలు వేరు. హౌసింగ్ లోపలి క్రౌన్, పినియన్ గేర్లు వేరు. ఆ రెండూ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి నూరి జోడీ చేసినవి. పినియన్ వెనక షిమ్ములు, క్రౌన్ పక్క బేరింగుల షిమ్ములు, పళ్ళ మధ్య ఖాళీ అంతా అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటుంది. డయల్ గేజ్ లేకుండా చూడలేవు. పళ్ళకి నీలం పూసి తిప్పితే అచ్చు ఎక్కడ పడిందో చదవడం రావాలి. పంటి మొన మీద పడితే ఒక అర్థం, మొదట్లో పడితే ఇంకో అర్థం. తప్పు కూర్చోబెడితే ముందు ఊళ వేస్తుంది, తర్వాత పన్ను విరుగుతుంది. పోయిన జోడీ మళ్ళీ దొరకదు.

అమ్మాయి: అందుకే నేను దాన్ని తెరవనంటున్నాను. దించుతాను, అంతవరకే. డ్రమ్ములు తీసి, స్క్రూ విప్పి, యాక్సిల్ షాఫ్టులు రెండూ బయటికి లాగి, షాఫ్టు ఫ్లాంజి ఊడదీసి, నూనె టబ్బులోకి పట్టి, చుట్టూ వరసగా ఉన్న నట్లు విప్పితే ముందునుంచి మొత్తం ముద్దగా బయటికి వస్తుంది. క్రౌన్, పినియన్ అన్నీ దాన్లోనే కూర్చుని ఉంటాయి. ఆ ముద్దని మీ దగ్గరికి తెస్తాను. బండి లారీ ఎక్కక్కర్లేదు.

మావయ్య: దించడం, తెరవడం మధ్య నువ్వు గీసిన గీత చాలా సన్నం. ముద్ద బయటికి వచ్చాక, లోపల వాషర్లు కనిపిస్తుంటే, చేయి ఊరుకోదు.

అమ్మాయి: ఊరుకోకపోతే మీరు నేర్పుతూ తెరిపించండి. డయల్ గేజ్ పట్టి నేను చదువుతాను. అచ్చు చూసి మీరు చెప్పండి. మీకు తెలిసింది మీ షెడ్డులో ఎవరూ అడగడం లేదు కదా, నేను అడుగుతున్నాను.

మావయ్య: ఆదివారం తీసుకురా. ఆయిల్ కాలవలో పోయొద్దు, డబ్బాలో పట్టి తే, పాత ఆయిల్ కొనేవాడికి ఇద్దాం. క్రౌన్ పక్క బేరింగుల మీది రెండు కప్పులూ ఆ ముద్దతో కలిపి కొలిచి తొలిచినవి, ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు. నేను చూసేదాకా వాటి బోల్టుల మీద పానా పెట్టకు. పెట్టబుద్ధేస్తే ముందు పంచ్ తీసుకుని ఎడమ కప్పుకి ఒక చుక్క, కుడి కప్పుకి రెండు చుక్కలు కొట్టు.